బాస్కెట్‌బాల్ స్తంభం ఎవరి నేల మీద ఉంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. డాలస్ శివారులో ఇల్లు కొని ఏడాదిన్నర అయింది. పన్నెండేళ్ళ అబ్బాయి కోసం చక్రాల మీద కదిలే బాస్కెట్‌బాల్ హూప్ కొని, ఇంటి ముందు కర్బ్ (వీధి పక్క గట్టు) అంచున, రింగు వీధి వైపు తిరిగి ఉండేలా నిలబెట్టారు. మూడు నెలల తరువాత, పది రోజుల్లో దాన్ని తీసేయమని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది. ఎదురింటి వృద్ధ దంపతులే ఫిర్యాదు చేశారని మీ అనుమానం. అదే వీధిలో ఇంకో రెండు హూపులున్నా మీకు మాత్రమే ఉత్తరం వచ్చిందని మీ బాధ. వాళ్ళకు ఆ అధికారం ఉందా, లాయరు దగ్గరకు వెళ్ళాలా అని అడిగారు.

లాయరు అక్కర్లేదు. హూప్‌ను ఇప్పుడున్న చోటే ఉంచి మాత్రం మీరు గెలవరు. దాన్నే వెనక్కి లాగి మీ డ్రైవ్‌వే (వీధి నుంచి గరాజ్ దాకా ఉండే కారు దారి) మీదికి తెస్తే, ఉంచుకునే అవకాశం బాగానే ఉంది.

నేను ఇదే ప్రాంతంలో పందొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మా కాలనీ హెచ్‌ఓఏ బోర్డులో ఆరేళ్ళు పనిచేశాను. అందులో నాలుగేళ్ళు ఇళ్ళ మార్పులను పరిశీలించే సంఘంలో. కంచె రంగు గురించి, చెత్త డబ్బాల గురించి వచ్చే ఉత్తరాలు మామూలుగా ఉండేవి. హూప్ గురించి వచ్చే ఉత్తరాలు మాత్రం పట్టుకుంటే చెయ్యి కాలేలా ఉండేవి. బోర్డులోకి రాకముందు నేనూ హెచ్‌ఓఏ నుంచి ఒక ఉత్తరం అందుకున్నాను. ఆ కథ తరువాత చెబుతాను.

మనలో చాలామంది పొరబడేది నేల దగ్గర. మీ ఇంటి ముందు కాలిబాటకూ కర్బ్‌కూ మధ్య గడ్డి పట్టీ ఉంటుంది కదా. దానికి నీళ్ళు పెట్టేది మీరు, గడ్డి కోసేది మీరు, ఎండిపోతే ఉత్తరం వచ్చేదీ మీకే. అయినా దాని మీద చెయ్యగలిగేది తక్కువ. వీధి అంటే తారో కాంక్రీటో పోసినంత మేరే కాదు. కర్బ్ దాటి ఇంకొన్ని అడుగుల వరకు ప్రజామార్గం కిందే లెక్క. దాన్ని రైట్ ఆఫ్ వే అంటారు. గ్యాస్, నీళ్ళు, కేబుల్ గొట్టాలు చాలా చోట్ల దాని కిందుగానే పోతాయి. ఇల్లు కొన్న రోజున సంతకాలు చేసిన కాగితాల కట్టలో సర్వే పటం ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని మళ్ళీ తెరవరు. తెరిచి, మీ స్థలం సరిహద్దు గీత ఎక్కడ ఆగిందో చూడండి. ఆ గీత కర్బ్ దాకా రావడం అరుదు, కాలిబాటకు ఇంటి వైపునే ఆగిపోతుంది. మీ హూప్ స్తంభం కింద నీళ్ళో ఇసుకో నింపే దిమ్మ ఆ గీతకు అవతల ఉంటే, హెచ్‌ఓఏ మిమ్మల్ని వదిలేసినా నగరపాలక సంస్థ వదలాలని లేదు. ఇద్దరు యజమానులు, రెండు వేరు వేరు నియమావళులు. ఒకరి అనుమతి రెండో వారి దగ్గర చెల్లదు.

మనం పెరిగిన వీధుల్లో మూడు ఇటుకలు నిలబెడితే అవే వికెట్లు. స్కూటరు వస్తే ఎవరో అరుస్తారు, ఇటుకలు పక్కకు జరుగుతాయి, స్కూటరు వెళ్ళాక ఆట మళ్ళీ మొదలు. ఆ ఇటుకలు ఎవరి స్థలంలో ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఆ అలవాటుతోనే ఇక్కడా వీధి చివర హూప్ పెడతాం. దీన్ని తప్పనను. కానీ మూడు ఇటుకలకూ, నీళ్ళు నింపిన మూడు వందల పౌన్ల దిమ్మకూ తేడా ఉంది. ఇటుకల్లా దాన్ని ఎవరూ కాలితో పక్కకు నెట్టలేరు.

ఈ గొడవలు ఎంత దూరం పోతాయో తెలియాలంటే డెలావేర్ రాష్ట్రంలోని క్లేమాంట్‌ను గుర్తు చేసుకోవాలి. అక్కడ నివాస కాలనీల్లో రోడ్డు అంచు నుంచి ఏడు అడుగుల వరకు ఏ అడ్డూ ఉండకూడదని చట్టం. 2011 మార్చిలో రాష్ట్ర రవాణా శాఖ లారీలతో వచ్చి ఇళ్ళ ముందు పాతిన హూపులను పెరికేసింది. ఒక ఇల్లాలు తమ హూప్ పైకి ఎక్కి కూర్చున్నారు. కెమెరాలు వచ్చాయి, దేశమంతా చూసింది. చివరికి స్తంభం లారీ ఎక్కింది. ఎన్నేళ్ళుగా ఉన్నదైనా, పిల్లలు ఎంత ఏడ్చినా, వీధి హద్దులో ఉన్నదానికి కాగితం మీద బలం లేదు. టెక్సస్‌లో ఆ ఏడు అడుగుల చట్టం లేదు. కానీ ప్రజామార్గంలో అడ్డు పెట్టకూడదనే నియమం ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి నగరానికీ ఉంటుంది. మీ నగరం నియమావళి ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ‘బాస్కెట్‌బాల్’ అని వెతికి ఏమీ కనపడకపోతే నిశ్చింత అనుకోకండి, ‘అడ్డంకి’కి వాడే ఇంగ్లీషు మాటతో కూడా వెతకండి.

నగరం వాళ్ళది వట్టి మొండితనం కాదు. చాలా నగరాలు అనుసరించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి ప్రకారం, అగ్నిమాపక వాహనం వెళ్ళే దారి 20 అడుగుల వెడల్పు, 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు వరకు అడ్డు లేకుండా ఉండాలి. రింగు ఎత్తు 10 అడుగులు. వెనక పలక కింది అంచు సుమారు తొమ్మిదిన్నర అడుగుల దగ్గర ఉంటుంది. కర్బ్ అంచున నిలబెట్టిన హూప్ పలక స్తంభం నుంచి రెండు మూడు అడుగులు వీధి మీదికి చొచ్చుకు వస్తుంది. అంటే పెద్ద వాహనానికి సరిగ్గా తల తగిలే ఎత్తులో ఉంటుంది. మా కాలనీలో ఒకసారి చెత్త లారీ ఇలాంటి పలకను తగిలించుకుని స్తంభాన్ని నాలుగిళ్ళ అవతల దాకా ఈడ్చుకుపోయింది. పొద్దున ఏడింటికి కాబట్టి పిల్లలెవరూ లేరు. ఆ యజమాని మా దగ్గరకు నష్టపరిహారం అడగడానికి వచ్చారు. మేమేమిస్తాం?

దిమ్మ కాలిబాట మీదికి వస్తే అది ఇంకో చిక్కు. చక్రాల కుర్చీకి కనీసం మూడు అడుగుల దారి కావాలి. మీ వీధిలో చక్రాల కుర్చీ వాడేవారు ఎవరూ లేరని ఉత్తరంలో మాత్రం రాయకండి. ఒకాయన రాశారు. ఆయన పక్కింటావిడ తల్లి అప్పుడే శస్త్రచికిత్స చేయించుకుని వచ్చి ఉన్నారు.

ఇక హెచ్‌ఓఏ సంగతి. మీ కాలనీ నిబంధనల పుస్తకంలో హూపుల గురించి ఉండే వాక్యం ఒక్కో చోట ఒక్కో రకం. కొన్ని చోట్ల నేలలో పాతినవి వద్దంటారు, కదిలేవాటికి అభ్యంతరం ఉండదు. కొన్ని చోట్ల సరిగ్గా దీనికి తలకిందులు: పాతినదానికి ముందే అనుమతి తీసుకుంటే సరి, కదిలేది మాత్రం ఆట అయిపోగానే లోపల పెట్టాలి. ఇంకొన్ని చోట్ల వీధిలోంచి కనపడకూడదని మాత్రమే రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. ‘ఆడనప్పుడు’ అనే మాట ఉందా? ఉంటే మీకు సగం దారి దొరికినట్టే, ఎందుకంటే అది ఆడేటప్పుడు ఉండవచ్చని ఒప్పుకోవడమే.

మీకు వచ్చిన ఉత్తరం మామూలు తపాలాలో వచ్చిందా, సర్టిఫైడ్ మెయిల్‌లోనా (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది)? ఇది చాలా ముఖ్యం, మీరు చెప్పలేదు. టెక్సస్ ఆస్తి చట్టం 209వ అధ్యాయం ప్రకారం, జరిమానా వేసే ముందు హెచ్‌ఓఏ మీకు సర్టిఫైడ్ మెయిల్‌లో రాతపూర్వక నోటీసు పంపాలి. ఉల్లంఘన ఏమిటో చెప్పాలి. సరిదిద్దుకోగలిగినదైతే, అందులోనూ ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు లేనిదైతే, సరిదిద్దుకోవడానికి తగినంత గడువు ఇవ్వాలి. నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజుల లోపు మీరు బోర్డు ఎదుట విచారణ కోరవచ్చని కూడా అందులో ఉండాలి. గడువు లోపల సరిదిద్దేస్తే ఆ ఉల్లంఘనకు జరిమానా వేయడానికి వీల్లేదు. మామూలు తపాలాలో వచ్చే మొదటి ఉత్తరం చాలాసార్లు మర్యాదపూర్వకమైన హెచ్చరిక మాత్రమే. దాన్ని చూసి లాయరు దగ్గరకు పరిగెత్తడం గోటితో పోయేదానికి గొడ్డలి తేవడం.

ఇందులోనే ఒక మెలిక ఉంది. ఇప్పుడు తీసేసి నెల తరువాత మళ్ళీ అక్కడే పెడదామని కొందరు సలహా ఇస్తారు, మీకూ ఎవరో ఇచ్చే ఉంటారు. వినకండి. ఆరు నెలల లోపు అలాంటి ఉల్లంఘనకే నోటీసూ గడువూ ఒకసారి ఇచ్చి ఉంటే, రెండోసారి గడువు ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకు లేదు. నేరుగా జరిమానాకు వెళ్ళవచ్చు. మా దగ్గర ఎక్కువ డబ్బు కట్టినవాళ్ళు మొండిగా ఎదిరించినవాళ్ళు కాదు, ఇలా దాగుడుమూతలు ఆడినవాళ్ళే.

విచారణ కోరితే బోర్డు దాన్ని 30 రోజుల లోపు జరపాలి. మీ మీద చూపించబోయే ఫొటోలు, కాగితాలు కనీసం పది రోజుల ముందు మీకు అందించాలి. అందించకపోతే పదిహేను రోజుల వాయిదా మీ హక్కు. ఇదంతా టెక్సస్ లెక్క. ఫ్లోరిడాలో, కాలిఫోర్నియాలో వేరే చట్టాలున్నాయి, అక్కడున్న మీ బావమరిది అనుభవం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ఎదురింటివారి విషయం.

మేము ఈ ఇంట్లోకి వచ్చిన రెండో ఏడు నాకూ అచ్చం ఇలాంటి ఉత్తరమే వచ్చింది. హూప్ కాదు, మా అమ్మాయి సాకర్ గోలు చట్రం, పక్క పచ్చికలో ఉండేది. పక్కింటాయనే చేశారని తేల్చేసుకున్నాను. అంతకు ముందు వారమే ఆయన మా చట్రం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు, అదే నా సాక్ష్యం. ఎనిమిది నెలలు ఆయనతో మాట్లాడలేదు. దీపావళికి వీధి అంతా మిఠాయి పంచి ఆయన గుమ్మం మాత్రం దాటేశాను. తరువాత బోర్డులోకి వెళ్ళాక కుతూహలం కొద్దీ పాత దస్త్రం తీయించాను. ఫిర్యాదు లేదు. నిర్వహణ సంస్థ మనిషి నెలకోసారి కారులో తిరుగుతూ ఫొటోలు తీస్తాడు, ఆ జాబితాలో మాది ఒకటి. పక్కింటాయన ఎందుకు చూశారంటే, తన మనవడికి అలాంటిదే కొందామని. నేను వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆయనకు అసలు నేను అలిగానని తెలియదట, ఇండియా వాళ్ళు తక్కువ మాట్లాడతారేమో అనుకున్నారట.

కాబట్టి ఎవరు చేశారని వెతకకండి. మీకు మాత్రమే ఎందుకు వచ్చిందన్నదానికీ ఇందులోనే జవాబు ఉండవచ్చు. ఆ రెండు హూపులూ డ్రైవ్‌వే మీద ఉన్నాయా, వీధిలో ఉన్నాయా? ముందే అనుమతి తీసుకున్నవా? ఆ మనిషి తిరిగిన రోజున గరాజ్‌లో ఉన్నాయా? ఇవి తేలకుండా ‘వాళ్ళకు లేదు, నాకేనా’ అని రాస్తే మీ వాదన మొదటి వాక్యంలోనే కుంటుతుంది. ఒకాయన కాలనీ అంతా తిరిగి నలభైకి పైగా ఇళ్ళ ఉల్లంఘనలు ఫొటోలు తీసి మాకు పంపారు. ఆయన వాదన న్యాయమైనదే. మేము ఏం చేయగలం, నలభై ఇళ్ళకూ ఉత్తరాలు వెళ్ళాయి. ఆ ఫొటోలు ఎవరివో నెల తిరిగేసరికి కాలనీ అంతటికీ తెలిసిపోయింది. ఆయన హూప్ ఆయనకు దక్కలేదు, పైగా ఆయన కొడుకు పుట్టినరోజుకు పిల్లలు తగ్గిపోయారు.

మనం భారతీయులం కాబట్టే ఇలా చేస్తున్నారా అని మీరు పైకి అనలేదు, కానీ ప్రశ్నలో ఆ నీడ ఉంది. నా అనుభవంలో చాలాసార్లు కాదు. కొన్నిసార్లు అవును. తేల్చుకోవడానికి దారి లెక్కే: ఒకే నియమం, ఒకే రకం హూప్, ఒకే చోటు, అయినా ఒకరికే పదే పదే నోటీసులు వస్తుంటే ఆ తేదీలు రాసి పెట్టుకోండి. ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే సమాఖ్య చట్టం జాతికీ, పుట్టిన దేశానికీ మాత్రమే కాదు, 1988 సవరణ నుంచి పిల్లలున్న కుటుంబాలకూ వర్తిస్తుంది. ‘పిల్లలు బయట ఆడరాదు’ అనే నియమం ఆ చట్టానికి తగులుకుంటుంది. ‘వీధిలో ఏ వస్తువూ ఉంచరాదు’ అనేది సాధారణంగా తగలదు. సమాఖ్య గృహనిర్మాణ శాఖకు ఫిర్యాదు చేయడానికి ఏడాది గడువు ఉంది. ఈ ఆయుధం మొదటి ఉత్తరానికే దూస్తే, నిజంగా అవసరమైన రోజున దాని పదును పోతుంది.

ఫిర్యాదు ఎవరిదైనా, ఎదురింటివారి దగ్గరకు వెళ్ళండి. ‘మీరు చేశారా’ అని అడగడానికి కాదు, వాళ్ళకు ఏమి వినిపిస్తోందో కనుక్కోవడానికి. హూప్ పెట్టుకున్నవాళ్ళకు ఆట వినిపిస్తుంది, ఎదురింట్లో దడ్ దడ్ మాత్రమే వినిపిస్తుంది. కాంక్రీటు మీద బంతి కొట్టే చప్పుడు మూసిన కిటికీలోంచి కూడా గుండె మీద తట్టినట్టు వస్తుంది. అది ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే అసలు హింస. మా వీధిలో ఒక నర్సు ఉండేవారు, రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవారు. ఆమె అడిగింది ఒక్కటే: మధ్యాహ్నం రెండు లోపు వద్దు, తరువాత మీ ఇష్టం. అంతకు ముందు ఏడాది పాటు ఆమె ఇంటికీ, హూప్ ఉన్న ఇంటికీ మధ్య గొడవకు పోలీసులు మూడుసార్లు వచ్చారు. ఆ ఒక్క వాక్యం ఎవరూ ఎవరినీ అడగలేదు.

చాలా నగరాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నిశ్శబ్ద సమయం. మీరు పది దాకా ఆగకండి. పనిదినాల్లో ఎనిమిదిన్నరకు, ఆదివారం ఉదయం పది తరువాతే అని మీరే చెప్పి, మీ ఫోను నంబరు ఇచ్చి రండి. ‘ఎప్పుడైనా ఇబ్బంది అయితే ఒక్క మెసేజ్ పెట్టండి, అయిదు నిమిషాల్లో ఆపేస్తాను’ అనండి. చేతిలో నంబరు ఉంటే చాలామంది దాన్ని ఎప్పుడూ వాడరు. బంతి వాళ్ళ పూలమొక్కల్లో పడితే మీ అబ్బాయే వెళ్ళి తలుపు తట్టి అడగాలి. గడ్డి మీద పరిగెత్తి తెచ్చుకోకూడదు. మాటల్లో ఇది చిన్నది, వాళ్ళ దృష్టిలో మొత్తం విషయం ఇదే కావచ్చు.

డ్రైవ్‌వే మీద ఎక్కడ పెట్టాలన్నది కొలతల పని. రెండు కార్ల డ్రైవ్‌వే పొడవు సాధారణంగా ఇరవై అడుగుల చుట్టూ ఉంటుంది. ఫ్రీ త్రో గీత పలక నుంచి 15 అడుగులు, కాబట్టి హాయిగా సరిపోతుంది. హైస్కూలు మూడు పాయింట్ల గీత 19 అడుగుల 9 అంగుళాలు. గరాజ్ తలుపు దగ్గర హూప్ పెడితే అది దాదాపు కాలిబాట మీద పడుతుంది. అక్కడి నుంచి వేసేటప్పుడు వెనక్కి అడుగేస్తే వీధే. ఆ షాట్లు పార్కులో వేసుకోమనండి. గరాజ్ తలుపుకు సూటిగా కాక పక్కకు, బంతి తప్పితే మీ గోడకే తగిలేలా తిప్పండి. వీధి వైపు, పక్కింటి కారు వైపు వద్దు.

దిమ్మలో నీళ్ళకు బదులు ఇసుక పోయండి. 35 గ్యాలన్ల దిమ్మ నీళ్ళతో సుమారు 290 పౌన్లు, ఇసుకతో దానికి ఒకటిన్నర రెట్ల దాకా వస్తుంది. వసంతకాలపు గాలులకు నీళ్ళ దిమ్మలు బోర్లా పడడం ఇక్కడ ఏటా చూస్తున్నదే. గడ్డకట్టే రాత్రుల్లో ప్లాస్టిక్ పగిలిపోతుంది కూడా. అయితే ఇసుక పోసినదాన్ని రోజూ లోపలికి దొర్లించడం కష్టం. మీ నిబంధనల్లో ‘ఆడనప్పుడు లోపల పెట్టాలి’ అని ఉంటే నీళ్ళే పోసి, గాలివాన హెచ్చరిక వచ్చిన రోజున పడుకోబెట్టండి. పలక గిలగిలలాడే చప్పుడు చాలావరకు వదులైన బోల్టుల వల్ల వస్తుంది, నెలకోసారి బిగిస్తే సగం గోల పోతుంది. కొన్నాళ్ళ తరువాత నేలలో పాతే రకం పెట్టుకోవాలనిపిస్తే, బోర్డు అనుమతి రాతలో తీసుకుని, తవ్వే ముందు 811కు ఫోన్ చేయండి. వాళ్ళు ఉచితంగా వచ్చి భూమి లోపలి గొట్టాల మీద రంగు గుర్తులు పెట్టి వెళ్తారు.

ఉత్తరానికి జవాబు అయిదారు వాక్యాలు చాలు. నోటీసు తేదీ. హూప్‌ను ఫలానా తేదీన వీధి నుంచి తీసేశానని, ఫొటో జతచేశానని. నిబంధనల ఫలానా సెక్షన్ ప్రకారం డ్రైవ్‌వే మీద ఫలానా చోట ఉంచడానికి అనుమతి కోరుతున్నానని, ఆడే వేళలు ఇవని, ఎదురింటివారితో మాట్లాడానని. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వమని, విచారణ కోరే హక్కును వదులుకోవడం లేదని. ఇల్లు ఎంత పెట్టి కొన్నారో, ఎంత పన్ను కడుతున్నారో వద్దు. నేను బోర్డులో ఉండగా చదివిన ప్రతి కోపపు ఉత్తరంలోనూ ఆ వాక్యం ఉండేది. బల్ల చుట్టూ కూర్చున్న ఏడుగురమూ అంతే పెట్టి కొన్నాం, అంతే కడుతున్నాం. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, రసీదు దాచుకోండి.

మీ అబ్బాయికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. మీ దిమ్మ కర్బ్ పైన ఉంది, వాడు ఆడుతున్నది కింద వీధిలో. కర్బ్ ఎత్తు అర అడుగు ఉంటుంది కాబట్టి ఈ మూడు నెలలూ వాడు పదిన్నర అడుగుల రింగుకు అలవాటు పడ్డాడు. డ్రైవ్‌వే మీద సమతలమైన చోట పెడితే, మొదటి వారం షాట్లన్నీ రింగు దాటి పలక మీదికి పోతాయి. ఆ వారం బోల్టులు ఇంకాస్త గట్టిగా బిగించండి.